బరువు లేని పెట్టెలు

పోయినవారం ఇమాం వలిని లాలాగూడలోని సొంత గోదాము గుమ్మంలో, చేతిలో అట్టపెట్టెతో నిలబెట్టి వచ్చేశాం. అరవై దాటిన మనిషిని వారం పాటు అలా నిలబెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆయన్ని కదలకుండా చేసింది నేను కాదు, ఆ పెట్టె. నాలుగు వైపులా మధుధార బిస్కెట్ల ముద్ర, చెక్కుచెదరని టేపు, రెండు చేతులా పట్టుకుంటే గాని లేవకూడని పెట్టె. అది ఆయన ఒంటిచేతిలోకి లేచి వచ్చేసింది. సెబీ ఆఫీసర్లు బ్లేడుతో కోసి చూపించకముందే ఆయనకు సంగతి తెలిసిపోయింది. లోపల ఏమీ లేదు. దాని పక్కదీ అంతే, కప్పుదాకా పేర్చిన వరసలన్నీ అంతే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి. పద్మనాభానిది తణుకు, ఇమాం వలిది జనగామ. మోండా మార్కెట్‌లో పళ్లవాళ్లకు పెట్టెలు చేసి అమ్మిన కుర్రతనం నుంచి ఇద్దరిదీ ఒకే కార్ఖానా, ఒకే గల్లాపెట్టె. రెండేళ్ల కిందట మధుధార ఫుడ్స్ యజమాని విష్ణువర్ధన్ వచ్చి, పెట్టెలు అమ్మడంతో సరిపెట్టుకోకండి, మా బిస్కెట్లకు స్టాకిస్టులుగా కూడా మీరే ఉండండి అన్నాడు. ఏటా మార్చి నెలాఖరుకు సరుకు గోదాములోకి దిగేది. కొన్నామని పద్మనాభం సంతకం పెట్టేవాడు. కొన్ని వారాలు పోయాక, అమ్ముడుపోలేదంటూ ఆ సరుకు తిరిగి వెళ్లిపోయేది. ఈలోగా కంపెనీ అమ్మకాలు బ్రహ్మాండమని పేపర్లు రాసేవి, షేరు ఎగబాకేది, ఆశపడ్డవాళ్లు కొనేవాళ్లు. రెండు నెలల కిందట ఆ కంపెనీ కూలింది, ఆఖరిసారి దిగిన సరుకు గోదాములోనే ఉండిపోయింది. విష్ణువర్ధన్ బెయిలు మీద తిరుగుతున్నాడు. అతని మోసానికి చెయ్యి అందించినవాళ్లూ జవాబు చెప్పాలని మనవాళ్లిద్దరికీ నోటీసులు అందాయి.

గోదాము తెరిచిన మర్నాడు పొద్దున్న ఇమాం వలి మారేడుపల్లిలో వకీలు ఝాన్సీలక్ష్మి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చూపించిన కుర్చీని జరుపుకుని, కుడిచెవి ఆమె వైపుకు వచ్చేలా వేసుకున్నాడు. అట్టకు ముడతలు పెట్టే యంత్రం పక్కన జీవితమంతా నిలబడ్డందుకు ఎడమచెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. ఫోను వస్తే చెవికి ఆనించుకుని లాభం లేదు, స్పీకరు పెట్టి గల్లీ అంతటికీ వినిపించాల్సిందే. రహస్యాలేమీ లేని మనిషి కాబట్టి ఆ అలవాటుతో ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు.

"మేం షేర్లు అమ్మలేదు గదమ్మా," అన్నాడు. "పెట్టెలు చేసుడు మా పని. కంపెనీ ఆయనది, దొంగతనం ఆయనది. మధ్యల మమ్మల్ని ఎందుకు పరేషాన్ చేస్తున్నరు? కొనుమని మేం ఎవ్వలకు చెప్పలే."

చివరి మాట దగ్గర ఆయన గొంతు తడబడింది. ఎందుకు తడబడిందో కాసేపట్లో చెప్తాను.

"మన వాదన అదే సార్," అంది ఝాన్సీలక్ష్మి. "షేర్లు కొన్నవాళ్లకి అబద్ధం చెప్పింది కంపెనీ, మీరు కాదు. కానీ ఆ అబద్ధాన్ని దాచుకోవడానికి చోటిచ్చింది మీ గోదాము. ఆడిటర్లు వచ్చి లెక్కపెట్టుకుంది అక్కడి పెట్టెల్ని. కొన్నామని సంతకం పెట్టింది మీ ఫర్మ్. అందుకని వాళ్లు ఒక్కటే అడుగుతారు. పెట్టెలు ఖాళీ అని మీకు తెలుసా, తెలీదా?"

"నాకు తెల్వదు."

"మీ పార్ట్‌నర్‌కి?"

 వలి బల్ల మీది గాజుపలకను చూస్తూ, "బయటి పని అన్న చూస్కుంటడు, లోపలి పని నేన్ చూస్కుంట," అన్నాడు. "ఆయన సంతకాలు నేనడగ. నా మిషన్ల సంగతి ఆయన అడగడు. షురూ కెల్లి మా పద్ధతి గంతే."

ఈ పద్ధతి గురించి సికింద్రాబాద్‌లో వీళ్లను ఎరిగినవాళ్లంతా మెచ్చుకుంటూ చెప్పుకునేవాళ్లు. అడగకపోవడమే నమ్మకమని వాళ్లిద్దరి అభిప్రాయం. లోపలిది వలిది, బయటిది పద్మనాభానిది. రెండింటికీ మధ్య ఉన్న గోదామును ఈమధ్య వలి కొడుకు సాదిక్ చూసుకుంటున్నాడు, అక్కడికి పెద్దవాళ్లిద్దరూ తొంగి చూడటం మానేశారు.

"చట్టానికి లోపలా బయటా లేవు సార్," అంది ఝాన్సీలక్ష్మి మెల్లగా. "ఫర్మ్ పేరు మీద ఒకరు చేస్తే ఇద్దరూ చేసినట్టే. జరిమానా పడితే ఇద్దరి ఇళ్లూ పోతాయి. జైలు సంగతి వేరు, తెలిసి చేసినవాళ్లకే అది. రేపు పదింటికి మీ వాంగ్మూలం. మీకు తెలీదని, తెలిసింది ఫలానా ఆయనకని చెప్పగలిగితే మీకు దారి దొరుకుతుంది. ఇంకో మాట. ఇక మీదట నేను మీ ఇద్దరికీ వాదించకూడదు. పద్మనాభం గారు వేరే లాయర్ని చూసుకోవాలి."

తిలా పాపం తలా పిడికెడు అని పెద్దలు ఏనాడో అన్నారు. ఆ పంపకం వలికి పెద్ద కష్టమనిపించలేదు. ఈ రెండో పంపకమే ఆయన గుండెను పట్టుకుంది. ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే వకీలు, ఆఖరికి ఒకే మంగలి. లాభాలు పంచుకున్న ఏ సంవత్సరమూ రాని దుఃఖం ఇప్పుడు వకీళ్లను పంచుకోవాల్సి వచ్చేసరికి వచ్చింది. ఝాన్సీలక్ష్మి మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. ఆయన తాగకుండానే లేచి, యాప్రాల్‌లోని పద్మనాభం ఇంటికి ఆటో మాట్లాడుకున్నాడు.

ఆటోలో ఆయన ఆలోచించింది పద్మనాభం గురించి కాదు, బ్యూలా గురించి. ఇందాకటి తడబాటు ఆమె వల్లనే.

బ్యూలా వలి ఇంటి గల్లీలోనే అద్దెకుంటుంది. నర్సుగా పనిచేసి రిటైరైంది, గల్లీ మొత్తానికి సిస్టరమ్మ. వలి భార్య ఖమర్ బీకి కాన్పు కష్టమైనప్పుడు సాదిక్‌ను మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. పెళ్లి చేసుకోలేదు. సొంతంగా రెండు గదుల ఇల్లు ఉండాలన్న కోరిక తప్ప ఇంకో కోరిక ఉన్నట్టు ఎవరికీ తెలియదు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బును ఎక్కడ పెట్టాలో తోచక, ఒకరోజు వలి గుమ్మం ముందు ఆగి అడిగింది. "మధుధార షేర్లు మంచియంటున్నరు భాయ్, నిజమేనా?" వలి ఛాతీ విరుచుకుని నవ్వాడు. "మా గోదాంల జాగ సాల్తలేదు సిస్టరమ్మా. సరుకు గంత నడుస్తుంది." మర్నాడే ఆమె ఉన్నదంతా ఆ షేర్లలో పెట్టేసింది.

గోదాములో జాగా చాలడం లేదంటే సరుకు నడవడం లేదనే అర్థం. చంటిపిల్లాడికి తట్టే ఆ మాట ఆయనకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఇద్దరూ అంత సంతోషంగా ఉన్నారు ఆ సాయంత్రం.

జాగా చాలడం లేదన్న మాట ఆయన సొంతం కూడా కాదు. సాదిక్ అన్నం తింటూ చెప్పిందే. రెండేళ్లుగా వలికి నడుంనొప్పి. గోదాము వైపు అడుగువేస్తే చాలు, "నువ్వు రాకు అబ్బా, మెట్లెక్కుతే నడుం పడ్తది, నేన్ చూస్కుంట గద," అని సాదిక్ భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేవాడు. ఈకాలంలో ఇట్లాంటి కొడుకు ఎవరికుంటాడని వలి మసీదులో పదిమందితో చెప్పుకున్నాడు.

యాప్రాల్ ఫ్లాట్‌లో తలుపు తీసింది పద్మనాభం భార్య కామేశ్వరమ్మ. ఏ కాలంలో వచ్చినా వలికి ఆ ఇంట్లో మజ్జిగ సిద్ధంగా ఉండేది. ఇవాళా తెచ్చింది, కానీ ఆయన మొహం చూసి, చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. హాల్లో మంచం మీద చిన్న సంచి తెరిచి ఉంది. పద్మనాభం బనీనుతో కూర్చుని అందులో రెండు లుంగీలు, బీపీ మాత్రలు, దువ్వెన సర్దుతున్నాడు. బట్టతలకు దువ్వెనెందుకని ఇంకోరోజైతే వలి ఆటపట్టించేవాడు.

"యాడికన్నా ప్రయాణం?"

"ఎక్కడికీ లేదులే. సర్దిపెట్టుకుంటే మంచిదని. కూర్చోవయ్యా వలీ."

వలి కూర్చోలేదు. "అన్నా, ఒక్కటడుగుత. పెట్టెలు ఖాళీయని నీకు ఎరికేనా?"

"తెలుసు," అన్నాడు పద్మనాభం, లుంగీ మడత సరిచేస్తూ.

దారి పొడుగునా వలి పోట్లాటకు సిద్ధపడుతూ వచ్చాడు. లేదు కాదు అని ఆయన బుకాయిస్తాడని, తాను నిలదీస్తానని, గొంతులు లేస్తాయని, చివరకు ఎక్కడో ఒకచోట అదంతా పొరపాటని తేలుతుందని ఎదురుచూశాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఏం చెయ్యాలో ఆయన అనుకుని రాలేదు. గోడకు చెయ్యి ఆనించాడు.

"ఎప్పటిసంది?"

"పోయినేడు మార్చి నుంచి. అంతకుముందు ఏడాది నాకూ తెలీదు."

"తెల్సి సుత సంతకం పెట్టినవా?"

"పెట్టాను. అయిపోయింది. ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం? రేపు నేనే వెళ్లి ఒప్పుకుంటాను. మా వలికి ఏ పాపమూ తెలీదని రాసిస్తాను. నువ్వు ఇంటికెళ్లి పడుకో."

"నేన్ పండుకోవాల్నా?" అన్నాడు వలి. "సిస్టరమ్మ రోజూ మా ఇంటికొస్తది. ఒక్కమాట అనదు. చాయ్ తాగి పోతది. ఆమె రెండు గదులు పోయినయన్నా, నా నోటిమాట మీద. నువ్వు ఒక్కనాడు నాకు చెప్పిన్నా, ఆమె కాళ్లు పట్కుని అమ్మిపిద్దును. ఎంతిచ్చిండు నీకు విష్ణువర్ధన్?"

అనేశాడు. ఒకే కంచంలో తినకపోయినా ఒకే చేత్తో సంపాదించుకున్న మనిషిని పట్టుకుని ఆ మాట అనేశాడు. పద్మనాభం తలెత్తి చూశాడు, మళ్లీ సంచిలోకి దించుకున్నాడు. 

"ఇంక చాలండీ," అంది కామేశ్వరమ్మ వంటింటి గుమ్మంలోంచి. "ఆ మాట కూడా పడతారా? మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నువ్వు లోపలికి వెళ్లు కామేశ్వరీ."

"వెళ్లను. నలభై ఏళ్లు వెళ్లమన్నప్పుడల్లా వెళ్లాను." ఆవిడ వచ్చి భర్త పక్కన నిలబడింది. "వలిగారూ, ముందు మీరు కూర్చోండి. మీరు కూర్చుంటేగాని నేను చెప్పను."

ఆ ఇంట్లో ఆవిడ మాటకు వలి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. కూర్చుని, కుడిచెవి ఆవిడ వైపుకు తిప్పాడు.

"పోయినేడు మార్చిలో ఒక శుక్రవారం మీరు నమాజుకు వెళ్లారు. ఈయన కళ్లజోడు మర్చిపోయానని కార్ఖానాకి తిరిగి వెళ్లారు. అక్కడ పెట్టెలకు టేపులు వేస్తున్నారు. మీరు చేసిన పెట్టెలే. ఖాళీవాటిని ఖాళీగానే మూసేసి, పైన మధుధార చీటీలు అంటిస్తున్నారు. బిస్కెట్ల ఫ్యాక్టరీ గుమ్మం కూడా తొక్కలేదవి. మన కార్ఖానాలోంచి తిన్నగా మన గోదాములోకే." ఆవిడ ఊపిరి తీసుకుంది. "టేపు పట్టుకుని ఉన్నది సాదిక్ అండీ. మన సాదిక్."

వలికి వినబడింది. ఆ మాత్రం చెవి ఇంకా మిగిలే ఉంది. అయినా, "ఎవరు వదినా?" అన్నాడు.

ఆవిడ రెండోసారి చెప్పలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. వాళ్లకు పిల్లల్లేరు. సాదిక్ చిన్నప్రాయం నుంచీ ఆ ఇంట్లో తిరిగినవాడు. బడికి సెలవొస్తే వాడి పక్క ఇక్కడే. పులిహోర వాసనకు వాడు లాలాగూడ నుంచి లేచి వస్తాడని ఆవిడ నవ్వేది. ఇప్పుడు వాడి పేరు చెప్పినందుకు తన నాలుకను తనే తిట్టుకుంటున్నట్టుగా ఏడ్చింది.

పద్మనాభం సంచి పక్కకు జరిపాడు. "నా కాళ్ల మీద పడ్డాడయ్యా. పెద్దనాన్నా, అబ్బాకు చెప్పకు, ఈ ఒక్కసారే అన్నాడు. తెలంగాణ మొత్తానికి డీలర్‌షిప్ ఇస్తానని ఆ విష్ణువర్ధన్ ఆశపెట్టాడట. ఇదేం పని రా అంటే, అట్టపెట్టెల్లో ఏముంది పెద్దనాన్నా, అబ్బాలాగా నేను కూడా ఆ మిషను పక్కన చెవుడు తెచ్చుకోవాలా అన్నాడు. నీ చెవి గుర్తొచ్చింది. సంతకం పెట్టాను."

"నాకు చెప్పాల్సుండె."

"చెప్తే వాణ్ణి ఆ రోజే ఇంట్లోంచి వెళ్లగొట్టేవాడివి. వాడెక్కడికి పోతాడు, ఈ ఇంటికే వస్తాడు. వచ్చినవాణ్ణి కామేశ్వరి పొమ్మనదు. అప్పుడు నీ మొహం నేనెట్లా చూసేది? బయటి పని కదా, నేనే చూసుకుందాం అనుకున్నాను. చూసుకోలేకపోయాను."

వలి ఏడ్చాడు. నలుగురి ముందు ఏడవని మనిషి, పద్మనాభం ముందు మాత్రం ఏనాడూ సిగ్గుపడలేదు కాబట్టి ఏడ్చాడు. మోసం చేసిన కొడుకు కోసం కాదు మొదట. నడుం పడ్తది అబ్బా అంటూ భుజం మీద పడిన ఆ చెయ్యి గుర్తొచ్చి ఏడ్చాడు. అందులో ప్రేమ ఎంత, దాపరికం ఎంత, ఇక ఎన్నటికీ విడదీసుకోలేనని ఆయనకు అర్థమైంది. కంచే చేను మేసిందని లోకం రేపు అంటుంది. ఆ కంచె వేసింది తనే.

"నిన్ను గా మాటన్న," అన్నాడు కళ్లు తుడుచుకుని. "మాఫ్ చెయ్యన్నా."

"ఊరుకోవయ్యా."

"రేపు నన్నేం చెప్పమంటవు?"

"నీకు తెలీదని చెప్పు. అది నిజమేగా?"

"మరి ఎవలకు ఎరికంటే?"

"నా పేరు చెప్పు. అదీ నిజమేగా?" పద్మనాభం నవ్వబోయాడు. "వాడికి ముప్పయ్యేళ్లయినా లేవు. నేను ఇంట్లో ఉండి మాత్రం చేసేదేముంది, టీవీ చూడ్డం, మీ వదినతో తిట్లు తినడం. అక్కడ తిట్లుండవు."

రెండూ నిజాలే, రెండింటి వెనకా సాదిక్‌ను దాచేయొచ్చు. కొడుకు ఇంట్లో ఉంటాడు, అన్నలాంటివాడు జైల్లో ఉంటాడు. లేదంటే నోరు తెరిచి మూడో నిజం కూడా చెప్పాలి, తన చేతులతో కొడుకును అప్పగించాలి. ఈ రెండు దారులూ తప్ప వలికి మూడోది కనబడలేదు. మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగి, కామేశ్వరమ్మకు చెప్పి లేచాడు. లిఫ్టు దాకా పద్మనాభం వచ్చాడు. ఇక వేరే వకీలును చూసుకోవాలన్న సంగతి వలి ఆయనకు చెప్పలేకపోయాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగినవాళ్ల సైకిళ్లు, బండ్లు గల్లీ నిండా ఉన్నాయి. గుమ్మం పక్కన బ్యూలా చెప్పులు కనబడ్డాయి. సాదిక్ బండి కనబడలేదు.

"వాడేడి?" అన్నాడు ఖమర్ బీతో, లోపలికి అడుగుపెడుతూనే.

"పొద్దుగాల పోయిండు. కొత్త అంగీ తొడుక్కుండు. యాడికి బేటా అంటే వచ్చి చెప్త అన్నడు. ఫోన్ ఎత్తుతలేడు." ఆమె భర్త కళ్లలోకి చూసి, ఎర్రగా ఉండటం గమనించి, చాయ్ పెట్టడానికి వెళ్లింది.

బ్యూలా ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుని ఉంది. తెల్ల చీర, మోకాళ్ల మీద చేసంచి. డ్యూటీలో ఉన్నప్పటిలాగే వీపు నిటారుగా ఉంది. చాయ్ వచ్చింది. ఆమె గ్లాసు అందుకుంది గాని తాగలేదు.

"గోదాం సంగతి ఇన్న భాయ్," అంది. "పెట్టెల్ల ఏం లేవంట గద."

"లేవు సిస్టరమ్మా."

"పైసల గురించి అడగనీకి రాలే. అవి పోయినయి. నాకు ఒక్కటే తక్లీఫ్ ఉంది, రెండు నెలల కెల్లి అదే. నేను అడిగిన దినం నువ్వు నవ్వినవు. నాకు యాదికుంది. ఆ దినం నీకు తెల్సా?"

వలి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నడుం కలుక్కుమంది, పట్టించుకోలేదు. "తెల్వదు. అల్లా మీద ఒట్టేసి..."

"ఒట్లొద్దు. నువ్వు చెప్పినవ్, సాలు." ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. భుజాలు కొంచెం వాలాయి. పోయిన ఇల్లు తిరిగి రాలేదు గాని, తన గల్లీ తనకు తిరిగి వచ్చినట్టుంది ఆమెకు. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. "గదే అనుకున్న. వలి భాయ్ గట్లాంటోడు కాదని నాకు నేనే చెప్పుకున్న. మరి తెల్సింది ఎవలకు భాయ్?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఖమర్ బీ వింటోంది. వలి నాలుక మీద రెండు పేర్లున్నాయి. ఒక పేరు చెప్తే అన్యాయం, రెండో పేరుతో వాణ్ణి మొట్టమొదట పిలిచింది ఎదురుగా కూర్చున్న ఈ మనిషే. కొడుకు పుట్టిండు వలి భాయ్, పేరేం పెడతవు అని ఆ రోజు ఆమె నవ్వుతూ అడిగితే, సాదిక్ అని తను చెప్పాడు. సాదిక్ అంటే సత్యం పలికేవాడని అర్థం కూడా చెప్పాడు. సత్యం పలికేవాడా, మంచిదంటూ ఆమె పిల్లాణ్ణి ఆ పేరుతో పిలిచింది.

అప్పుడే ఫోను మోగింది. ఝాన్సీలక్ష్మి. వలి చెయ్యి అలవాటు చొప్పున స్పీకరు నొక్కింది.

"సార్, ఇంట్లోనే ఉన్నారా?"

"ఇంట్లనే ఉన్నమ్మా. చెప్పు."

"మీ అబ్బాయి ఇవాళ పొద్దున్న సెబీ ఆఫీసుకు వెళ్లాడు సార్. తనంతట తను వెళ్లలేదు, విష్ణువర్ధన్ లాయరే దగ్గరుండి తీసుకెళ్లాడు. వాంగ్మూలం ఇచ్చేశాడు. నాకు ఇప్పుడే తెలిసింది." ఫోనులో కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. "పద్మనాభం గారి పేరు ఎక్కడా ఎత్తలేదు. పెట్టెలు ఖాళీ అని మా నాన్నకు మొదటినుంచీ తెలుసు, ఆయన చెయ్యమంటేనే చేశాను అన్నాడు. సంతకం కూడా పెట్టాడు. సార్, వింటున్నారా? రేపు మీరు ఏం చెప్పినా దీన్ని దాటి చెప్పాలి. వింటున్నారా సార్?"

గది అంతా విన్నది. ఖమర్ బీ వంటింటి గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె చూపు ఫోను మీద ఉంది, భర్త మీద లేదు. అందులో కొడుకు గొంతు ఉన్నట్టుగా చూస్తోంది. ఫోను అవతల ఝాన్సీలక్ష్మి ఇంకోసారి పిలిచి పెట్టేసింది.

బ్యూలా చాయ్ గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాడు వలి. ఆమె లేవలేదు. చేసంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇందాక నాకొక మాట చెప్పినవ్ భాయ్," అంది. "గది ఇంకోసారి చెప్పు. ఖమర్‌కు ఇనబడేటట్టు చెప్పు."

నాకు తెల్వదు. పొద్దున వకీలుకు చెప్పాడు, ఇప్పుడే ఈమెకు చెప్పాడు, రెండుసార్లూ నిజమే చెప్పాడు. మూడోసారి చెప్తే ఆ మాటకు సాదిక్ అబద్ధం ఆడాడని అర్థం. గుమ్మంలో వాడి తల్లి నిలబడి ఉంది, తల ఇప్పుడు భర్త వైపు తిప్పింది. వలి నేల మీదనుంచి లేవడానికి ప్రయత్నించాడు, నడుం సహకరించలేదు. భుజం కింద చెయ్యి వేసి లేపేవాడు ఇంట్లో లేడు. అలాగే కూర్చుని, నోరు తెరిచాడు.